మానుకోట బస్టాండు కేసు

జనగామ,
9 జూన్ 2025

అక్కా,

ముందు మంచి మాట చెప్పి, తర్వాత పరేషాన్ మాట చెబుతాను. ఫలితాలు వచ్చాయి. నేను కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యాను. లైబ్రరీలో నా పక్కన కూర్చునే అజిత్ తన ఫోన్‌లో నా నంబరు కొట్టి చూసి, "అన్నా, నీది ఉన్నదే!" అని అరిచాడు. లైబ్రేరియన్ సార్ కోపంగా లేచి వచ్చాడు గానీ, సంగతి తెలిశాక తనే నా చెయ్యి పట్టుకొని ఊపాడు. బాపుకు ఫోన్ చేస్తే చేనులో ఉన్నాడు. "మంచిగ చూసినవా బిడ్డా? మళ్లొకసారి చూడు" అంటాడే తప్ప నమ్మడు. అవ్వ మాత్రం ఫోన్ పెట్టేసి నేరుగా పాస్టర్‌గారి ఇంటికి వెళ్లిందట.

నీకు కూడా ఫోన్ చేయాలని ప్రాణం కొట్టుకుంది. పోయిన క్రిస్మస్‌కు నేను చేసిన ఒక్క ఫోన్‌కు బావ నిన్ను వారం రోజులు ఎట్లా సతాయించాడో గుర్తొచ్చి ఆగిపోయాను. అందుకే ఎప్పటిలాగే అహల్య టీచర్ పేరు మీద మీ బడికి రాస్తున్నాను. పిల్లలకు వడ్డించడం అయ్యాక నిమ్మళంగా చదువుకో.

ఇక రెండో మాట. ఉద్యోగంలో చేరే ముందు ఒక ఫారం నింపి ఇవ్వాలి. అందులో ఒక ప్రశ్న ఉంది: నీ మీద ఎప్పుడైనా పోలీసు కేసు నమోదైందా, అయితే దాని సంగతి ఏమైంది అని. కొట్టేసినా, రాజీ అయినా సరే రాయాలట. ఆ ప్రశ్న చూడగానే ఫారం మడిచి పుస్తకంలో పెట్టేశాను.

మానుకోట బస్టాండు కేసు నీకు నేను గుర్తు చేయాల్సిన పని లేదు. ఆరేళ్లయింది. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. బావ నిన్ను జుట్టు పట్టుకొని భూపాలపల్లి బస్సు దాకా ఈడ్చుకుపోతుంటే అంతమంది జనం చూస్తూ నిలబడ్డారు. నా చేతిలో సద్దిడబ్బా ఉంది, దానితోనే బావను మూతి మీద కొట్టాను. పెదవి పగిలి రక్తం కారింది. బావ నా మీద కేసు పెట్టాడు. తర్వాత భిక్షపతి పెద్దబాపు మధ్యలో కూర్చొని లోక్ అదాలత్‌లో రాజీ చేయించాడు. నువ్వు మళ్లీ బావ వెంట వెళ్లిపోయావు.

ఉన్నది ఉన్నట్టు రాయాలనే నా మనసుకు ఉంది. కానీ రాస్తే విచారణకు పోలీసులు ఫిర్యాదు చేసిన మనిషి దగ్గరికి వెళ్తారు. అంటే మీ ఇంటికే. వాళ్లు వచ్చి అడిగి పోతారు, తర్వాత ఆ ఇంట్లో మిగిలేది నువ్వూ బావా. నా భయం అంతా అదే. నీ మాట లేకుండా ఏదీ రాయను. ఫారం ఇవ్వడానికి ఇరవయ్యో తేదీ ఆఖరు. వెంటనే జవాబు రాయి.

పాపకు ముద్దులు.

నీ తమ్ముడు,
కృపాకర్


భూపాలపల్లి,
12 జూన్ 2025

మా పోలీసు తమ్మునికి,

ఈ రోజే బడి తెరిచారు. అహల్య టీచర్ హాజరు పిలవడానికి పోతూ పోతూ నీ ఉత్తరం నా చేతిలో పెట్టింది. పప్పు పొయ్యి మీద ఉంది, అయినా ఆగలేకపోయాను. చదువుతూ చదువుతూ పప్పు అడుగంటించాను. మొదటి రోజే పిల్లలకు మాడు పప్పు పెట్టాను. టీచర్‌కు చెబితే నా కళ్లు చూసి, "ఏడుస్తున్నవా, నవ్వుతున్నవా రేణుకా?" అని అడిగింది. నాకే తెలియలేదు.

నాకొక కోరిక ఉంది, నవ్వకు. నువ్వు ఖాకీ బట్టలు వేసుకొని ఒక్కసారి మా గల్లీకి రా. ఎవరితో ఏమీ మాట్లాడకు. మా వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చొని మంచినీళ్లు తాగి వెళ్లిపో. అంతే చాలు. ఆ తర్వాత నా బతుకు నేను చూసుకుంటాను.

ఫారం సంగతి. రాయకు తమ్మీ. రాజీ రోజున ఆ వకీలు ఏమన్నాడో నీకు గుర్తు లేదా? "ఇగ గీ కేసు పుట్టనే లేదనుకోండ్రి" అన్నాడు. పుట్టని దాన్ని నువ్వెందుకు రాయాలి? ఈ మధ్య సురేశ్ కొంచెం కుదురుగా ఉంటున్నాడు. బొగ్గు టిప్పర్ మీద రెండు షిఫ్టులు చేసి వచ్చి, తిని పడుకుంటున్నాడు. చెయ్యి లేపడం తగ్గింది. ఇప్పుడు పోలీసులు వచ్చి ఆ రోజు ఏం జరిగిందని వాకిట్లో నిలబడి అడిగితే గల్లీ అంతా వింటుంది. తర్వాత ఏమవుతుందో నీకు తెలుసు. పాప ఒకటో తరగతికి వచ్చింది, అన్నీ అర్థమవుతున్నాయి.

టీచర్ తన ఫోన్ ఇస్తానంటుంది. కానీ టీచర్ల గదిలో అందరి ముందు ఇంటి ముచ్చట నా నోట రాదు. అందుకే కాగితం మీద చెబుతున్నాను. నా మాట లేకుండా రాయనన్నావు. ఇదే నా మాట. రాయకు.

అవ్వకు చెప్పు, నేను బాగున్నానని.

నీ అక్క,
రేణుక


భూపాలపల్లి,
17 జూన్ 2025

తమ్మీ,

మొన్న రాసింది పక్కన పెట్టు. ఫారంలో కేసు సంగతి రాసెయ్. ఇరవై దాకా సమయం ఉంది గనుక ఇది అందుతుందనే ఆశతో పొద్దున్నే డబ్బాలో వేస్తున్నాను.

అవ్వ సంతోషం ఆగక సురేశ్‌కు ఫోన్ చేసి చెప్పింది. అల్లుడు కూడా సంతోషపడతాడనుకుంది పాపం. అన్నం తింటూ ఆయన నవ్విన నవ్వు నువ్వు చూడాల్సింది. "పోలీసయితె నాకేంది? నేనొక్క కాగితం పెడితె వాని నౌకరి ఊడుతది. నీ తమ్ముడు నా చేతులల్ల ఉన్నడు" అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. పప్పు ఇంకొంచెం వెయ్యమన్నాడు. ఆయన అట్లా నెమ్మదిగా మాట్లాడినప్పుడే నాకు ఎక్కువ భయం.

టీచర్‌కు చెప్పాను. "దాచిపెడితే మీ ఇద్దరి జుట్టూ ఆయన చేతికిచ్చినట్టే. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆడిస్తాడు" అంది. నిజమే కదా. నేను నీకు చెప్పింది పిరికి మాట. నీ మంచి కోసం అనుకున్నాను గానీ, నా ఒంటి మీద దెబ్బ పడకుండా చూసుకున్నాను.

విచారణకు వస్తే రానీ. ఆ రోజు స్టేషన్‌లో మగవాళ్లంతా కూర్చొని మాట్లాడుకున్నారు, ఈడ్చుకుపోయింది ఎవరినని ఒక్కరూ అడగలేదు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఈసారి అడిగితే చెబుతాను. రాశావని తెలిస్తేనే నాకు ధైర్యం. వెంటనే ఒక ముక్క రాయి.

రేణుక


జనగామ,
28 జూన్ 2025

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. విత్తనాలు పెట్టడానికి ఊరికి పోయి వచ్చాను, అందుకే ఆలస్యం. నువ్వు రెండోసారి చెప్పినట్టే ఫారంలో రాసి ఇచ్చాను. ఇక ఆ సంగతి మనసులో పెట్టుకోకు. అన్నం సరిగ్గా తిను.

ట్రైనింగ్ ఎప్పుడో ఇంకా చెప్పలేదు. పరుగు మానకూడదని రోజూ పొద్దున సిద్దిపేట రోడ్డు మీద ఉరుకుతున్నాను. వానలు లేవు. బాపు పెట్టిన పత్తి గింజలు సగం మొలవలేదు, మళ్లీ పెట్టాలంటున్నాడు. అవ్వ మోకాళ్ల నొప్పులకు దంతాలపల్లి దవాఖానలో గోలీలు ఇచ్చారు, వాటిని వేసుకోకుండా డబ్బాలో దాస్తోంది. నువ్వే గట్టిగా ఒక మాట రాయి.

కృపాకర్


భూపాలపల్లి,
6 ఆగస్టు 2025

తమ్మీ,

వాళ్లు వచ్చి పోయారు. నేను చెప్పేశాను.

నిన్న బడి నుంచి వచ్చి బట్టలు ఆరేస్తుంటే మామూలు బట్టల్లో ఒక పెద్దమనిషి బండి దిగాడు. చేతిలో ఫైలు ఉంది. సురేశ్ డ్యూటీలో ఉన్నాడు. వాకిట్లో కుర్చీ వేశాను. నువ్వు వచ్చి కూర్చోవాలని నేను అనుకున్న కుర్చీ.

"కృపాకర్ అనేటోడు నీకేమైతడమ్మా?" అని అడిగాడు.

"మా తమ్ముడు సార్."

"మానుకోట బస్టాండ్ల కొట్లాట కేసొకటి ఉన్నది. పిర్యాదు చేసింది మీ ఇంటాయన. అండ్ల కృపాకర్ తండ్రి ముత్యాలు అని రాసి ఉన్నది. మీ తమ్ముని కాగితాలల్ల ముత్తయ్య అని ఉన్నది. గాయన, గీయన ఒక్కడేనా? వేరేటోళ్లా?"

"ఒక్కడే సార్. మా బాపు పేరు ముత్తయ్యనే. గప్పుడు రాసినోళ్లు తప్పు రాసిండ్రు."

ఆయన రాసుకోలేదు. కలం మూత పెట్టి నన్ను చూశాడు. "జర యాది చేసుకొని చెప్పమ్మా. గా పేరు మీద శానా మంది ఉంటరు. తెల్వకపోతె తెల్వదని చెప్పు, ఏం గాదు" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆడదానికి ఏం తెలుసులే అనుకుంటున్నాడని. "నాకు తెల్వకపోవుడేంది సార్? కొట్టింది మా తమ్ముడే. ఎందుకు కొట్టిండో గది గూడ రాసుకోండ్రి. మా ఆయన నన్ను జుట్టు పట్టుకొని గుంజుకపోతుంటే కొట్టిండు. గంతమంది మొగోళ్లున్నరు, ఒక్కడన్న అడ్డం రాలె. వాడొక్కడే వచ్చిండు" అన్నాను. అటు పక్క ఇంటి ఈదమ్మ గోడ మీదుగా చూస్తోంది, చూడనీ అనుకున్నాను.

ఆయన కలం మూత తీశాడు. తర్వాత అంతా రాసుకొని నా సంతకం తీసుకున్నాడు. పోతూ పోతూ, "మంచి తమ్ముడే అమ్మా" అన్నాడు. కానీ ఆ ముఖంలో సంతోషం లేదు. పోలీసువాళ్ల ముఖాలు అంతేనేమో, రేపు నీదీ అట్లాగే అవుతుంది.

సురేశ్ వచ్చేసరికి గల్లీ అంతా చెప్పింది. "పోలీసోని ముందట నన్ను బద్నాం జేస్తవా?" అని మొదలుపెట్టాడు. రాయడం దండగ. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర వాచింది. ఉత్తరం కుడి చేత్తోనే రాస్తారు గనుక ఇబ్బంది లేదు. సొరకాయలు కోయడమే కష్టంగా ఉంది, ఆ పని తోటి వంటమనిషి చేస్తోంది.

నువ్వు బాధపడకు. ఆరేళ్లుగా నా నోట్లో ఉన్న మాట బయటపడింది. నిన్న రాత్రి నిద్ర కూడా పట్టింది. ట్రైనింగ్ తేదీ తెలియగానే రాయి.

నీ అక్క,
రేణుక


జనగామ,
11 సెప్టెంబర్ 2025

రేణుకక్కకు,

ట్రైనింగ్ తేదీ అడిగావు. ట్రైనింగ్ లేదు. నా సెలెక్షన్ రద్దయింది. కారణం: కేసు ఉన్న సంగతి దాచిపెట్టి, ఫారంలో లేదు అని రాయడం.

అవును, లేదు అనే రాశాను. నీ మొదటి ఉత్తరం అందిన రెండో రోజే ఫారం ఇచ్చేసి ఊరికి వెళ్లాను. ఇరవై దాకా ఎందుకు ఆగాలి? నువ్వే గదా అంత గట్టిగా రాయకు అన్నావు. తిరిగి వచ్చేసరికి నీ రెండో ఉత్తరం తలుపు సందులో పడి ఉంది. అప్పటికి ఆఖరు తేదీ దాటి వారమైంది. ఏం చేయమంటావు? ఇచ్చేశాను అక్కా, ఇక ఏమీ కాదు అని రాస్తే నువ్వు అక్కడ తిండి మానేసి కూర్చుంటావు. అందుకే రాసినట్టు చెప్పాను. నీ మనసు నిమ్మళంగా ఉంటే చాలనుకున్నాను.

మీ ఇంటికి వచ్చిన ఆయన్ను వెతుక్కుంటూ పోయి కలిశాను. ఆయన నన్ను చూసి తల పట్టుకున్నాడు. "మీ అక్కను మళ్లమళ్ల అడిగిన తమ్మీ. తండ్రి పేరు కలుస్త లేదు, తెల్వదని ఒక్క మాటంటే నేను గట్లనే రాసి పంపేటోణ్ణి. ఆమె నాకు సందియ్యలె. అన్ని చెప్పి సంతకం పెట్టినంక నేనేం జెయ్యాలె?" అన్నాడు. ఆయన నీకు తలుపు తెరిచి పట్టుకుంటే నువ్వు దాన్ని మూసి గొళ్లెం పెట్టావు.

ఇంకొక మాట కూడా అన్నాడు. "కొట్టినందుకు గాదురా నీ నౌకరి పోయింది, దాచినందుకు పోయింది. రాసుంటె గిదొక కేసే గాదు." ఆ మాట నిజమే. నాతో పాటు సెలెక్ట్ అయిన ఒకతని మీద ఇంతకంటే పెద్ద కొట్లాట కేసు ఉంది. అతను రాశాడు. వచ్చే నెల ట్రైనింగ్‌కు పోతున్నాడు.

నాకిప్పుడు అనుమానం ఏమిటంటే, ఆ రోజు నువ్వు నిజంగా నా కోసం చెప్పావా, లేక నీ ఆరేళ్ల కసి తీర్చుకోవడానికి చెప్పావా? బావ చెప్పించాడేమో అని కూడా అనిపిస్తోంది. ఆయన అన్నట్టే అయింది కదా. ఆయన కాగితం పెట్టే పని కూడా లేకుండా నువ్వే సంతకం పెట్టి ఇచ్చావు.

బాపుకు ఇంకా చెప్పలేదు. ఊళ్లో అందరికీ చెప్పుకొని తిరుగుతున్నాడు. ఇంకొకసారి నోటిఫికేషన్ వచ్చేసరికి నాకు వయసు దాటిపోతుంది.

కృపాకర్


భూపాలపల్లి,
18 సెప్టెంబర్ 2025

కృపాకర్,

నీ ఉత్తరం బడి వెనక కట్టెల కుప్ప మీద కూర్చొని చదివాను.

సురేశ్ చెప్పించాడని రాశావు. మా ఆయన చెప్పిస్తే చెప్పిన దానికి నా చెయ్యి ఎందుకు వాచింది? ఆ మాట రాసేటప్పుడు నీకు నా ముందటి ఉత్తరం గుర్తు రాలేదా?

నేను రాయకు అన్నాను. అది నా తప్పే. దానికి నేను చచ్చే దాకా ఏడుస్తాను. కానీ నువ్వు రాశానన్నావు. ఆ మాట నమ్మే నేను ఆయన ముందు నోరు తెరిచాను. తమ్ముడు ఉన్నదున్నట్టు రాశాడు, నేను తెలియదంటే వాణ్ణి అబద్ధాలకోరును చేసినట్టు అవుతుందనుకున్నాను. లేదు అని రాశావని ఒక్క ముక్క నాకు తెలిసి ఉంటే, ఆయన కలం మూత పెట్టినప్పుడే నాకు అర్థమయ్యేది. నీ కోసం ముత్యాలు కొడుకు ఎవరో నాకు తెలియదని బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పేదాన్ని.

అక్క మనసు నిమ్మళంగా ఉండాలనుకున్నావా? సురేశ్ నా ఫోన్ తీసి పెట్టుకొని అదే మాట అంటాడు, "నీ మంచికే, పరేషాన్ గాకు" అని. నాకు ఏది తెలియాలో ఏది తెలియకూడదో ఆయన చూసుకుంటాడు. నువ్వూ అదే చేశావు. నీకు ఆయన మీద చెయ్యి లేచింది గానీ, నా దగ్గరికి వచ్చేసరికి ఇద్దరిదీ ఒకటే లెక్క.

బాపుకు ముందు నువ్వే చెప్పు. వేరేవాళ్ల నోట వింటే తట్టుకోలేడు.

రేణుక


మహబూబాబాద్,
2 డిసెంబర్ 2025

తమ్మీ,

నేను రాసిన దానికి నువ్వు జవాబు రాయలేదు. నేనూ నీ జవాబు కోసం రాయడం లేదు. చెప్పాల్సిన పని ఉండి రాస్తున్నాను.

పాపను తీసుకొని భూపాలపల్లి నుంచి ఇక్కడికి, మన మానుకోటకు వచ్చేశాను. దసరా సెలవులయ్యాక ఒక రోజు సురేశ్ తాగి వచ్చి, "ఏమాయె మీ పోలీసు?" అని పాప ముందు నవ్వాడు. కొట్టలేదు. నవ్వాడు, అంతే. ఇన్నేళ్లు దెబ్బలకు కదలని దాన్ని ఆ నవ్వుకు కదిలాను. అహల్య టీచర్ తెలిసిన వాళ్లతో మాట్లాడి ఇక్కడ ఆడపిల్లల హాస్టల్‌లో వంట పని చూపించింది. రైలు గేటు అవతల చిన్న గది. పాపను దగ్గరి బడిలో వేశాను. అవ్వ వచ్చి నాలుగు రోజులు ఉండి పోయింది. నువ్వు దంతాలపల్లి ఎరువుల దుకాణంలో బస్తాలు మోస్తున్నావని చెప్పింది. బాపు ఊళ్లోకి రావడం మానేసి చేనులోనే ఉంటున్నాడని కూడా చెప్పింది. మనం ఇప్పుడు ఒక్క బస్సు దూరంలో ఉన్నాం, నా ఫోన్ నా దగ్గరే ఉంది, అయినా నీకు ఫోన్ చేసే ముఖం నాకు లేదు.

సురేశ్ మీద కేసు పెట్టాను. స్టేషన్‌లో రాసుకున్న మేడమ్, "ముందుగాల గిట్ల ఎప్పుడన్న జరిగిందా? చూసినోళ్లున్నరా?" అని అడిగింది. బస్టాండు సంగతి చెప్పాను. సాక్షి ఎవరంటే నీ పేరు చెప్పాను. నిన్ను అడగకుండా చెప్పాను. అడిగితే నువ్వు రానంటావేమోనని భయం. "మీ తమ్ముడు ఏం పని జేస్తడు?" అని అడిగింది. ఆమె తల ఎత్తి చూసేసరికి, ఎరువుల దుకాణంలో కూలి అని చెప్పాను. అట్లాగే రాసుకుంది.

పదహారో తేదీ పొద్దున స్టేషన్‌కు నిన్ను పిలుస్తారు. నీకు రావాలని లేకపోతే రాకు. అప్పుడు వేరే సాక్షి లేదు, అంతే.

రేణుక


దంతాలపల్లి,
8 డిసెంబర్ 2025

అక్కా,

ఉత్తరం అందింది. స్టేషన్ నుంచి ఫోన్ కూడా వచ్చింది. వస్తానని చెప్పాను.

సెలెక్షన్ రద్దు చేయొద్దని నేను పెట్టుకున్న అర్జీ తిరిగి వచ్చింది. మార్చడానికి వీలు లేదట. బాపుకు నేను చెప్పేలోపే టీకొట్టు దగ్గర ఎవరో చెప్పారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంట్లో ఉండలేక దుకాణంలోనే పడుకుంటున్నాను. నేను నిన్ను అనుమానించి రాసిన మాట తప్పు. అది ఒప్పుకుంటాను. మిగతా కోపం మాత్రం పోలేదు, పోయిందని మళ్లీ నీ నిమ్మళం కోసం రాయను. యూరియా బస్తా భుజానికెత్తిన ప్రతిసారీ, తెలియదని నువ్వు ఒక్క మాట అనలేదే అనిపిస్తుంది. ఆ వెంటనే, నీకు నేను నిజం రాయలేదే అని కూడా అనిపిస్తుంది. రెండూ మోస్తున్నాను.

పదహారున మొదటి బస్సుకు వస్తాను. బావ నిన్ను ఎట్లా ఈడ్చాడో, నేను దేనితో కొట్టానో, అంతా చెబుతాను. నా మీద అయిన కేసు సంగతి, ఫారంలో లేదు అని రాసిన సంగతి కూడా వాళ్లు అడగకముందే చెబుతాను. బావ తరఫు వకీలు దాన్ని బయటికి తీసే దాకా ఆగను.

నువ్వు స్టేషన్ లోపలే కూర్చో. బయట బెంచీ మీద కూర్చోకు. నాతో మాట్లాడాలని చూడకు, అన్నం వండి తేకు. సాక్ష్యం చెప్పి మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతాను. దుకాణంలో సెలవు సగం రోజుకే ఇచ్చారు.

కృపాకర్